కోల్‌బెల్ట్ పిల్లలతో వ్యాపారం పెట్టించాలంటే: ముందు ఆర్డర్, తర్వాతే అప్పు

మీ ప్రశ్న సారాంశం ఇది. గోదావరిఖనిలో మీదొక యువజన సంఘం. సింగరేణి ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఏళ్లు గడిపేస్తున్న పిల్లల్ని సొంత పని వైపు తిప్పాలనుకుంటున్నారు. 6 లక్షల విరాళం చేతిలో ఉంది. ముందు ఒక పెద్ద ప్రేరణ సదస్సు, ఆ తర్వాత ఎంపిక చేసిన పదిమందికి తలా 50 వేలు. ఈ పద్ధతి పనిచేస్తుందా అని అడిగారు.

పనిచేయదు. ఆ 50 వేలతో పది నెలల్లో పది మొబైల్ షాపులో, టిఫిన్ సెంటర్లో, ఫ్లెక్సీ ప్రింటింగులో వెలుస్తాయి. కోల్‌బెల్ట్‌లో, అంటే సింగరేణి బొగ్గు గనుల ఊళ్లలో, ఇప్పటికే ఉన్నవాటికి అవి పోటీ. జీతం పడిన వారం కళకళ, నెలాఖరుకు వెలవెల. అవన్నీ బాయి (బొగ్గు గని) జీతాల మీద బతికే వ్యాపారాలు. బాయి మూతపడితే వాటితో పాటే షట్టర్ దిగుతుంది. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాక బెల్లంపల్లి బజారు ఏమైందో, ఇల్లందు ఏమైందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మీ సంఘంలో చాలామంది "మన పిల్లలకు కష్టపడే గుణం లేదు" అంటుంటారు. అది తప్పు. వాళ్ల ఎదురుచూపు వెనుక గట్టి లెక్క ఉంది. 2023-24 లాభాల్లో విస్తరణ పెట్టుబడులకు పక్కన పెట్టింది పోగా మిగిలినదానిలో 33 శాతం, అంటే 796 కోట్లు, సింగరేణి పర్మినెంట్ కార్మికులకు పంచింది. సగటున మనిషికి లక్షా 90 వేలు. అదే గనుల్లో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి దక్కింది 5 వేలు. కారుణ్య నియామకానికి, అంటే చనిపోయిన లేదా అనారోగ్యంతో పనికి పనికిరాడని తేలిన (మెడికల్ అన్‌ఫిట్) కార్మికుడి వారసుడికి ఇచ్చే ఉద్యోగానికి, వయోపరిమితి 35 నుంచి 40కి పెరిగింది. ఇంట్లో తండ్రికి మెడికల్ అన్‌ఫిట్ అయ్యే అవకాశం ఉందనుకున్న కొడుకు ఎదురుచూడకుండా ఎలా ఉంటాడు? పైగా ఆ దారి ఒకసారి మూసుకోవడం, మళ్లీ తెరుచుకోవడం అందరూ చూశారు: 2016లో ప్రకటించిన వారసత్వ ఉద్యోగాలను 2017లో హైకోర్టు కొట్టేసింది, ఆ తర్వాత కారుణ్య నియామకాల పేరుతో దారి దొరికింది. కాబట్టి "ఉద్యోగం రాదు, వ్యాపారం చేసుకో" అని చెబితే ఎవరూ నమ్మరు. చెప్పాల్సింది వేరే. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు సుమారు 40 వేలు. బొగ్గు మాత్రం 2023-24లో 7 కోట్ల టన్నులు వచ్చింది. మనుషులు తగ్గారు, యంత్రాలు పెరిగాయి. జీతాలుగా వచ్చే డబ్బు కంటే డీజిల్, టైర్లు, విడిభాగాలు, రిపేర్లు, మట్టి తవ్వకం కాంట్రాక్టులుగా ఖర్చయ్యే డబ్బు మీద మీ పిల్లల చూపు నిలవాలి.

అందుకే మొదటి నెలలో సదస్సు వద్దు. 12 మందిని, వీలైతే ఐటీఐ ఫిట్టర్, డీజిల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్ చదివినవాళ్లను తీసుకుని ఇద్దరిద్దరుగా తిప్పండి. ఓసీపీల (ఓపెన్‌కాస్ట్ గనులు) మట్టి పని చేసే కాంట్రాక్టర్ల క్యాంపులు, సీహెచ్‌పీలకు (బొగ్గును నలగ్గొట్టి లోడు చేసే ప్లాంట్లు) సరుకు ఇచ్చేవాళ్లు, ఎన్‌టీపీసీ దగ్గర మెయింటెనెన్స్ కాంట్రాక్టర్లు, బసంత్‌నగర్ సిమెంటు వైపు లారీ యార్డులు, పెద్దపల్లి, సుల్తానాబాద్ రైస్ మిల్లులు. ప్రతి చోటా అడగాల్సిన ప్రశ్నలు నాలుగే. గత మూడు నెలల్లో ఏ చిన్న వస్తువు లేక యంత్రం ఆగింది? అది ఎక్కడి నుంచి వచ్చింది? ఎన్ని గంటలు పట్టింది? ఎంత పెట్టి కొన్నారు? మేనేజర్‌ను అడిగితే "అంతా బాగానే ఉంది" అంటాడు. ఫోర్‌మన్‌నూ స్టోర్ కీపర్‌నూ అడగాలి. నెల తిరిగేసరికి 30, 40 వస్తువుల పట్టిక వస్తుంది. అందులో హైదరాబాద్ నుంచి తెప్పించేవి, వారానికి కనీసం రెండు మూడుసార్లు అవసరమయ్యేవి, బొగ్గుతో సంబంధం లేనివాళ్లు కూడా కొనేవి మాత్రం ఉంచి మిగతావి కొట్టేయండి. మూడో షరతును ఎట్టి పరిస్థితుల్లో వదలొద్దు. మొత్తం కార్యక్రమానికి ప్రాణం అదే.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇలాంటి పనుల్లో లోతు తెలియకుండా డబ్బు పెట్టేస్తుంటారు. హైడ్రాలిక్ హోస్ తయారీ. ఎక్స్‌కవేటర్, డంపర్, జేసీబీ, టిప్పర్, వరికోత హార్వెస్టర్ అన్నింట్లో అధిక ఒత్తిడి రబ్బరు పైపులు ఉంటాయి. ఒక్కటి పగిలితే యంత్రం నిలిచిపోతుంది. కంపెనీ పైపు వచ్చేదాకా ఆగితే పూటకు వేలల్లో నష్టం. హోస్ రోల్స్, ఫిట్టింగులు, కటింగ్ మెషిన్, క్రింపింగ్ మెషిన్ (ఫిట్టింగును పైపు మీద నొక్కి బిగించేది), వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పరికరం) ఉంటే అరగంటలో కొత్త పైపు చేతికివ్వొచ్చు. వానాకాలం కోతలప్పుడు, యాసంగి కోతలప్పుడు హార్వెస్టర్ల గిరాకీ. మిగతా ఏడాది జేసీబీలు, టిప్పర్లు, మట్టి కాంట్రాక్టర్ల యంత్రాలు. రేపు పక్కనున్న ఓసీపీ మూతపడినా ఈ షాపు నిలబడుతుంది.

ఇది చెడేది ఎక్కడంటే, క్రింపింగ్ కొలతలో. ప్రతి హోస్‌కూ ఫిట్టింగ్‌కూ తయారీదారు ఇచ్చే చార్టులో క్రింప్ చేశాక ఉండాల్సిన వ్యాసం మిల్లీమీటర్లో పదో వంతు దాకా రాసి ఉంటుంది. ఎక్కువ నొక్కితే లోపలి గొట్టం నలిగిపోతుంది, తక్కువ నొక్కితే ఒత్తిడికి ఫిట్టింగ్ ఊడి ఎగురుతుంది. చవకగా వచ్చిందని ఒక కంపెనీ హోస్‌కు ఇంకో కంపెనీ ఫిట్టింగ్ వేస్తే ఆ చార్టు పనికిరాదు. కొత్తవాళ్లు చేసే రెండో తప్పు, పైపు కోశాక లోపలి రబ్బరు పొడిని, తీగ ముక్కల్ని శుభ్రం చేయకపోవడం. గాలి తుపాకీతో స్పాంజి గుళికను పైపు గుండా ఒకటికి రెండుసార్లు పంపి, రెండు చివర్లకూ మూతలు బిగించి ఇవ్వాలి. లేకపోతే ఆ పొడి వాల్వులోకి, పంపులోకి పోయి, చిన్న పైపు అమ్మిన షాపు మీదికి లక్షల పంపు ఖరీదు వచ్చి పడుతుంది. మూడోది ఫిట్టింగుల మరలు: బీఎస్‌పీ రకం కోన్ 60 డిగ్రీలు, జేఐసీ రకం కోన్ 74. చేతికి ఒకేలా తగులుతాయి, బిగుస్తాయి కూడా, కానీ కారతాయి. థ్రెడ్ గేజ్ లేకుండా షాపు తెరవొద్దు. తయారైన పైపును పని ఒత్తిడికి రెట్టింపు దగ్గర పరీక్షించి, తేదీ, సైజు, క్రింప్ వ్యాసం ట్యాగ్ మీద రాసి కట్టాలి. కారుతోందా అని చేత్తో తడిమి చూసే అలవాటు మాన్పించండి. సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే నూనె చర్మంలోకి దూరితే చెయ్యి తీసేయాల్సి రావొచ్చు. అట్టముక్క పెట్టి చూడాలి.

ఇంకో సంగతి. గనుల్లోని పెద్ద యంత్రాలు చాలావరకు వారంటీలోనో, తయారీ కంపెనీల మెయింటెనెన్స్ ఒప్పందంలోనో ఉంటాయి. వాటిని బయటివాళ్లు ముట్టుకోనివ్వరు. భూగర్భ గనిలో వాడే పైపులు నిప్పంటుకోని రకం, డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం ఉన్నవి కావాలి. అందుకే మొదటి ఏడాది నేరుగా సింగరేణికి అమ్మాలని చూడకండి. వారంటీ దాటిన టిప్పర్లు, కాంట్రాక్టర్ల ఎక్స్‌కవేటర్లు, హార్వెస్టర్లు చాలు.

ఇదే కోవలో కన్వేయర్ రోలర్ల మరమ్మతు (సీహెచ్‌పీలకూ రైస్ మిల్లులకూ కావాలి, బేరింగ్ హౌసింగ్ వెల్డింగు ఒక గీతలో లేకపోతే కొత్త బేరింగ్ కూడా వారాల్లో పోతుంది), సబ్‌మెర్సిబుల్ మోటార్ల రివైండింగ్ ఉన్నాయి. బూడిద ఇటుకలు అందరి నోటా వచ్చే మాట. రామగుండంలో బూడిదకు కొదవ లేదు, 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం థర్మల్ కేంద్రాలు తమ బూడిదను నూరు శాతం వినియోగంలోకి తేవాల్సిందే. అయినా కొత్త పిల్లలకు దీన్ని మొదటి వ్యాపారంగా నేను సూచించను. స్థలం కావాలి, నీళ్లు కావాలి, వానాకాలం అమ్మకం పడిపోతుంది, ఇటుక మూడు కిలోల బరువు కాబట్టి లారీ కిరాయి లాభాన్ని మింగుతుంది. చెరువు బూడిద (నీళ్లతో కలిపి చెరువులోకి వదిలింది) ముతకగా ఉంటుంది, సైలో (పొడి బూడిద నిల్వ గోపురం) నుంచి వచ్చే పొడి బూడిదంత పట్టు ఉండదు. చవకని చెరువు బూడిద వాడి, సిమెంటు తగ్గించి, రెండు వారాలు తడపాల్సింది నాలుగు రోజులకే లోడు ఎత్తేసిన యూనిట్లే జనంలో ఆ ఇటుకకు చెడ్డపేరు తెచ్చాయి. చేస్తామని పట్టుబడితే ప్రతి లాటులో ఇటుకలు తీసి పాలిటెక్నిక్‌లో బలం పరీక్ష చేయించండి. చదరపు సెంటీమీటరుకు 75 కిలోల కంటే తక్కువ వస్తే ఆ లాటు అమ్మొద్దు.

అమ్మాయిల గురించి కూడా అడగాల్సింది, మీ ప్రశ్నలో ఆ ఊసే లేదు. సింగరేణి సేవా సమితి ఏళ్లుగా కుట్టు, బ్యూటీషియన్ శిక్షణలు ఇస్తోంది. నేర్చుకున్నవాళ్లకు లోటు లేదు, ఆర్డర్లకే లోటు. ఇంకో పాతిక కుట్టుమిషన్లు పంచడం కంటే ఇప్పటికే నేర్చుకున్న ఎనిమిది మందికి రిఫ్లెక్టివ్ జాకెట్లు, కాంట్రాక్టు కార్మికుల యూనిఫాంలు కుట్టే ఒక్క ఆర్డర్ సంపాదించి పెట్టండి. అలాగే మోటార్ రివైండింగ్, హోస్ షాపు లెక్కలు, టెండర్ పేపర్ల పని అమ్మాయిలకు కుదరవనుకోకండి.

ఇక డబ్బు. ఇక్కడే ఎక్కువ యూనిట్లు మునుగుతాయి. అందరూ యంత్రం ఖరీదు చూస్తారు, బిల్లు వచ్చేదాకా నడిపే డబ్బు చూడరు. హోస్ షాపు నెలకు 2 లక్షల సరుకు అరువు మీద అమ్మిందనుకోండి. మెటీరియల్ 1,20,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 21,600, జీతాలు, కిరాయి, కరెంటు 45,000. అమ్మకం మీద కట్టాల్సిన జీఎస్టీ 36,000లో కొనుగోలు మీద కట్టింది పోగా మిగిలిన 14,400 వచ్చే నెల 20 లోపు కట్టేయాలి, కస్టమర్ డబ్బు ఇచ్చినా ఇవ్వకున్నా. అంటే నెలకు చేతి నుంచి పోయేది 2 లక్షల పైచిలుకు. బిల్లు రెండున్నర నెలలకు వస్తే 5 లక్షలు ఎప్పుడూ బయటే చిక్కుకుని ఉంటాయి. దీనికి ర్యాక్‌లో పడి ఉండే స్టాకు అదనం. యంత్రానికి లోను తెచ్చి, ఈ 5 లక్షలు ఎక్కడివో ఆలోచించని పిల్లలు నాలుగో నెలలో ఫైనాన్స్ వాళ్ల దగ్గరికి పోతారు. ఆ తర్వాత లేవడం కష్టం.

తండ్రి రిటైర్‌మెంట్ డబ్బు మాట తప్పకుండా వస్తుంది. గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ (బొగ్గు గని కార్మికుల భవిష్యనిధి) కలిసి ఒకేసారి పెద్ద మొత్తం చేతికొస్తుంది కాబట్టి "నాన్న పెడతాడులే" అంటారు. గని కార్మికులకు వచ్చే పింఛను చాలా తక్కువ, ముఖ్యంగా పాతవాళ్లకు. ఆ మొత్తమే వాళ్ల ముసలితనానికి ఆసరా. అందులో ఐదో వంతు మించి వ్యాపారంలో పెట్టనివ్వొద్దని మీ కార్యక్రమంలో రాతపూర్వక షరతుగా పెట్టండి, తల్లిదండ్రులిద్దరినీ కూర్చోబెట్టి చెప్పండి.

ప్రభుత్వ పథకాల్లో ఈ స్థాయికి పనికొచ్చేది పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, బ్యాంకు లోను మీద సబ్సిడీ ఇస్తుంది). తయారీకి 50 లక్షలు, సేవలకు 20 లక్షల ప్రాజెక్టు దాకా. జనరల్ వర్గానికి సొంత వాటా 10 శాతం, సబ్సిడీ పట్టణంలో 15, గ్రామంలో 25 శాతం. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలకు సొంత వాటా 5 శాతం, సబ్సిడీ 25, 35 శాతం. గోదావరిఖని ఉన్న రామగుండం కార్పొరేషన్ పరిధి పట్టణం కిందే వస్తుంది. మూడు చిక్కులు గుర్తుంచుకోండి. సబ్సిడీ చేతికి రాదు, బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి తర్వాత లోనులో సర్దుబాటవుతుంది. తయారీలో 10 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇది కొత్త యూనిట్‌కే. ముందే నడుస్తున్న యూనిట్‌కు రాదు. ఉత్సాహంతో ముందే షాపు తెరిచి ఆ తర్వాత దరఖాస్తు పెట్టి పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. కాబట్టి ప్రయోగ ఆర్డర్లన్నీ మీ ఊళ్లో ఇప్పటికే ఉన్న వర్క్‌షాపు పేరు మీద, అక్కడ అప్రెంటిస్‌గా ఉంటూ చేయించండి. దరఖాస్తు వేసే రోజున జిల్లా పరిశ్రమల కేంద్రంలో అప్పటి నిబంధనలు ఒకసారి సరిచూసుకోండి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు రాష్ట్రం టీ-ప్రైడ్ పెట్టుబడి సబ్సిడీ కూడా అక్కడే అడగాలి.

చిన్న పరిశ్రమలకు కనీసం 10 లక్షల దాకా తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. మేనేజర్ ఇల్లు తాకట్టు అడిగితే ఈ మాట మర్యాదగా చెప్పి, సీజీటీఎంఎస్‌ఈ (చిన్న పరిశ్రమల లోన్లకు బ్యాంకుకు హామీ ఇచ్చే ట్రస్టు) హామీ కింద పెట్టమనండి. కోల్‌బెల్ట్‌లో ఇది మామూలు కంటే ఎక్కువ ముఖ్యం, ఎందుకంటే ఇళ్లు చాలావరకు కంపెనీ స్థలాల్లో ఉంటాయి. మందమర్రి, మణుగూరు, పాల్వంచ వైపు ఏజెన్సీ భూముల 1/70 చట్టం వల్ల గిరిజనేతరులకు స్థలం బదిలీయే కుదరదు. తాకట్టు పెట్టడానికి కాగితమే ఉండదు.

ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు) ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైట్లు అసలువి కావు. దాని విలువ అమ్మకం మొదలయ్యాక తెలుస్తుంది: ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజుల్లో, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో కొనుగోలుదారు డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. దీని మీద కేంద్రం నడిపే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. అయితే మొదటి బిల్లుకే ఫిర్యాదుకు పోతే రెండో ఆర్డర్ రాదు, అదీ నిజమే. మధ్యే మార్గం ఏమిటంటే ఇన్వాయిస్ మీదే ఉద్యం నంబరు, చెల్లించాల్సిన తేదీ అచ్చువేయడం, సరుకు అందినట్టు సంతకం, తేదీ, స్టాంపు అదే రోజు తీసుకోవడం. చాలా బిల్లులు ఆగేది దురుద్దేశంతో కాదు. చలాన్ మీద సంతకం లేక, ఆర్డర్ నంబరు తప్పు పడి.

25 శాతం కొనుగోళ్లు చిన్న పరిశ్రమల నుంచే చేయాలన్న 2012 విధానం కేంద్ర సంస్థలకు. ఎన్‌టీపీసీకి నేరుగా వర్తిస్తుంది. సింగరేణిలో రాష్ట్రం వాటా 51 శాతం కాబట్టి అక్కడ ఏ సడలింపు ఉందో ఆ టెండర్ పత్రంలోనే చూసుకోవాలి. ఈఎండీ (టెండర్‌తో కట్టే ధరావతు) మినహాయింపు సరుకుకు, సేవలకే. వర్క్స్ (నిర్మాణం లాంటి పనుల) కాంట్రాక్టుకు అడిగితే బిడ్ తిరస్కరిస్తారు. కొని అమ్మే వ్యాపారికీ ఆ మినహాయింపు లేదు. ప్రభుత్వ సంస్థల బిల్లు రెండున్నర లక్షలు దాటిన ఒప్పందమైతే 2 శాతం జీఎస్టీ టీడీఎస్ (బిల్లులోనే ముందుగా పట్టుకునే పన్ను) కోస్తారు. పోర్టల్‌లో దాన్ని అంగీకరిస్తేనే మీ లెడ్జర్‌లోకి వస్తుంది. చాలామంది ఆ డబ్బు వదిలేసుకుంటారు.

మరి మీ 6 లక్షలు? ఇలా వాడండి. 12 మందికి నెలకు 5 వేల చొప్పున మూడు నెలల అప్రెంటిస్ భత్యం, 1,80,000. గేజులు, వెర్నియర్లు, పని దుస్తులు 40 వేలు. అకౌంటెంటు, పరీక్షల ఫీజులు, ప్రయాణాలు 80 వేలు. మిగిలిన 3 లక్షలు బిల్లుల నిధి. కొనుగోలుదారు సంతకం చేసిన బిల్లు చూపిస్తే 70 శాతం ఇవ్వండి, బిల్లు వచ్చిన రోజు తిరిగి నిధిలో పడాలి. వడ్డీ తీసుకోకండి, తీసుకుంటే వడ్డీ వ్యాపారం చట్టాల గొడవ వస్తుంది. ఒకరికి ఒకేసారి 50 వేలు మించొద్దు. ఇది ఉచితంగా పంచే డబ్బు కాదని మొదటి రోజే రాసి సంతకాలు తీసుకోండి. వజ్రాల మీద బతికే బోట్స్వానాలో 1982 నుంచి ప్రభుత్వం కొత్త వ్యాపారాలకు జీతాల్లో వాటా, గ్రాంట్లు ఇచ్చింది. గ్రాంటు గడువు తీరగానే మూతపడ్డ కంపెనీలు ఎన్నో. చివరికి ఆ పథకాన్నే తీసేసి 2001లో అప్పులిచ్చే సంస్థను పెట్టారు. దీనికి భిన్నంగా చిలీ రాగి గనుల్లో 2009 నుంచి కంపెనీలే తమ పరిష్కారం దొరకని సమస్యల్ని చెప్పి, స్థానిక సరఫరాదారులతో గనిలోనే ప్రయోగం చేయించాయి. మీ సింగరేణి ఏరియా జనరల్ మేనేజర్ దగ్గరికి పోయినప్పుడు విరాళం అడగకండి. ఏరియా వర్క్‌షాపు మూడు నెలల చిన్న కొనుగోళ్ల జాబితా, ప్రయోగానికి ఒక యంత్రం అడగండి. విరాళం కంటే అది ఎక్కువ.

జిల్లా మినరల్ ఫౌండేషన్ (గని కంపెనీలు గని ప్రాంతాల కోసం కట్టే నిధి) నిధుల్లో నైపుణ్యం, జీవనోపాధి అధిక ప్రాధాన్య రంగాల్లోనే ఉన్నాయి. ఆ నిధి చాలావరకు రోడ్లకు, భవనాలకు పోతుంది. రెండో బ్యాచ్‌కు భత్యం అక్కడి నుంచి అడగొచ్చు, కానీ మొదటి బ్యాచ్ బిల్లులు చేతిలో పట్టుకుని అడగండి.

తొమ్మిదో నెలలో ఒక్కో యూనిట్ అమ్మకాలు రెండు నిలువు వరుసలుగా రాయించండి: బొగ్గుకు సంబంధించిన కస్టమర్లు, సంబంధం లేనివాళ్లు. రెండో వరుస మూడో వంతుకు చేరకపోతే కొత్త లోనుకు సిఫారసు చేయొద్దు. ఒకే కస్టమర్ వాటా సగం దాటినా అంతే.

చివరిది, కోల్‌బెల్ట్‌కు మాత్రమే ఉన్న సమస్య. యూనిట్ నడుస్తుండగా కారుణ్య నియామకం ఆర్డర్ వస్తుంది. ఎవరూ వదులుకోరు, వదులుకోమని మీరు చెప్పకూడదు కూడా. అందుకే ఒక్కొక్కరితో కాకుండా ఇద్దరితో భాగస్వామ్యంగా పెట్టించండి, అందులో కనీసం ఒకరు కారుణ్య నియామకం అవకాశం లేని ఇంటి పిల్లలై ఉండాలి. భాగస్వామ్య పత్రంలో ఈ క్లాజు రాయించండి: ఉద్యోగంలో చేరినవారు 30 రోజుల్లో యూనిట్ రోజువారీ పని నుంచి తప్పుకోవాలి, వారి వాటా విలువను ఆనాటి స్టాకు, రావాల్సిన బిల్లులు, మిగిలిన లోను చూసి లెక్కగట్టాలి, మిగిలిన భాగస్వామి దాన్ని 24 నెలసరి వాయిదాల్లో చెల్లించాలి, బ్యాంకు లోనులో పేరు మార్పు అయ్యేదాకా ఇద్దరి బాధ్యతా కొనసాగుతుంది. ఈ పత్రం లోను దరఖాస్తుతో పాటే బ్యాంకుకు ఇవ్వండి.